పంపు ఆపినా పారిన బావి

సాయిలు కూతురు కీర్తనకు ఉద్యోగం వచ్చింది. గోదావరి జిల్లాలో గ్యాసు బావి తవ్వే రిగ్గు మీద, బావిలోంచి వచ్చే బురదను కనిపెట్టి చూసే మడ్ లాగింగ్ క్యాబిన్‌లో ట్రైనీ. వచ్చే సోమవారం చేరాలి. ఆ సంగతి చెప్పడానికి సాయిలు లడ్డూల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గుండ్లపోచంపల్లిలో మా ఇంటికీ, అతను కాపలా కాసే గోదాముకూ మధ్య నడిస్తే పది నిమిషాలు. సాయిలుకు అరగంట పడుతుంది. ఎడమ తుంటి విరిగి అతుక్కున్న మనిషి.

"దాసన్నా, బిడ్డకు పుస్తకాలు మస్తు తెలుసు. రిగ్గు తెల్వది. నువ్వు ముప్పై ఏండ్లు జేసినవు. ఏం జూడాలె, ఏం జెయ్యొద్దు, జర కాయితం మీద రాసియ్యి," అన్నాడు.

అలాగేనన్నాను. లడ్డూ తీసుకున్నాను కానీ తినకుండా మళ్లీ డబ్బాలోనే పెట్టేశాను. ఆ తుంటి విరగడంలో నా పాలు ఎంతో సాయిలుకు తెలియదు. నాకు తెలుసు, మా ఆవిడ మరియమ్మకు తెలుసు. ఈ ఊళ్లో మూడో మనిషికి తెలియదు.

అందుకని ఈ రాత ఇలా మొదలవుతోంది. నా ప్రమోషన్లు, సన్మానాలు, రిటైరైన రోజు వేసిన పూలదండ, ఇవేవీ ఇందులో ఉండవు. వాటి వల్ల ఎవరి ప్రాణమూ దక్కదు.

పని ఏమిటంటే

డ్రిల్లర్ అంటే భూమికి చిల్లు పెట్టేవాడని అనుకుంటారు. చిల్లు మిషను పెడుతుంది. డ్రిల్లర్ చేసేది కాపలా.

కిలోమీటర్ల లోతున బండల్లో గ్యాసు బిగబట్టుకుని ఉంటుంది. అది పైకి తన్నకుండా అణిచి ఉంచేది మడ్, అంటే మందులు కలిపిన బరువైన బురద. పంపుతో దాన్ని పైపు లోపలి నుంచి కిందికి తోస్తాం. అడుగు దాకా పోయి, పైపు చుట్టూ ఉన్న సందులోంచి పైకి వచ్చి ట్యాంకుల్లో పడుతుంది. ఎంత పంపామో అంతే తిరిగి రావాలి. తక్కువ వస్తే బావి తాగుతోందని అర్థం. ఎక్కువ వస్తే కింద నుంచి ఏదో తోస్తోందని అర్థం. అప్పుడు బావి నోటి దగ్గర బిగించి ఉన్న బీఓపీని మూసెయ్యాలి. లారీ అంత ఎత్తున్న ఇనుప మూత అది. చేతిలో బ్రేకు, కంటి ముందు ట్యాంకు మట్టం. పన్నెండు గంటల డ్యూటీలో ఈ రెండూ వదలకూడదు.

ఇంతే పని. వినడానికి ఎంత సులువు! ఈ సులువైన పని నా నిద్రను ఎలా తినేసిందో మరియమ్మను అడగండి. మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు నిండి పొర్లిన చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ చెప్పులు లేకుండా పరుగెత్తుతాను. "ఏందయ్యా నీ ఆగమాగం, నీళ్లే గదా! మందు పాతర పేలినట్టు ఉరుకుతవేంది?" అంటుంది. నీళ్లేనని నాకూ తెలుసు. నా కాళ్లకు తెలియదు.

బోరుబండి మీద

నేనూ సాయిలూ పని నేర్చుకున్నది ఇక్కడే, నీళ్ల బోర్లు వేసే బండి మీద. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ మేం బోరు వేయని ఊరు ఏదైనా ఉంటే అక్కడ మనుషులు లేరని లెక్క. ఇక్కడి నేల సంగతి తెలిసిందే, మూరెడు మట్టి, ఆ కింద అంతా బండ. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంటుంది. స్థలం ఆసామి గట్టు మీద కూర్చుని ఆ దుమ్మునే చూస్తుంటాడు. మా ముఖాలు చూడడు, మేమూ ఆయన ముఖం చూడం.

ఎప్పుడో ఆ దుమ్ము తడుస్తుంది, బురదవుతుంది. ఒక్కసారిగా నీళ్లు ఎగజిమ్ముతాయి. ఇక చూడాలి! పంచెలు తడిసిపోయినా ఎవరూ కదలరు. ముసలమ్మలు వచ్చి ఆ ధార కింద తల పెడతారు. మా బండి మీద ఒక ఆచారం ఉండేది. నీళ్లు పడగానే ఆపరేటర్ లివర్లు వదిలేసి రెండు చేతులూ జోడించాలి. చేతులు జోడించకుండా పని చేస్తూ పోతే గంగమ్మ అలిగి లోపలికే పోతుందని మా మేస్త్రీ నమ్మకం. నేను చర్చికి పోయేవాణ్ణి, సాయిలు మైసమ్మకు మొక్కేవాడు. ఆ క్షణంలో మా ఇద్దరికీ తేడా ఉండేది కాదు. "గంగ పడ్డది, దాసన్నా!" అని సాయిలు పెట్టే కేక ఊరవతలికి వినిపించేది.

బోరు పనిలో కింద నుంచి ఏదైనా పొంగి వస్తే పండగ. గ్యాసు బావిలో అదే పొంగు చావు కబురు. ఈ రెంటి మధ్య తేడా నాకు క్లాసుల్లో చెప్పారు. పరీక్ష పెట్టారు, నేను పాసయ్యాను కూడా. కానీ ఎనిమిదేళ్లు బోరుబండి మీద సంతోషపడిన ఒంటికి క్లాసు ఏం చెబుతుంది?

గోదావరి వైపు రిగ్గుల మీదికి మనుషులు కావాలన్నప్పుడు ఇద్దరం కలిసే వెళ్లాం. నిజానికి సాయిలు రానన్నాడు. నేనే బతిమాలి తీసుకుపోయాను. సాయిలును కన్న అవ్వ బస్సు దాకా వచ్చి, "నువ్వు తీస్కపోతున్నవు, నువ్వే తోల్కరావాలె కొడుకా," అంది. నేను చదువు కొంత ఉన్నవాణ్ణి కనుక మెల్లగా డ్రిల్లర్‌నయ్యాను. సాయిలుకు ఎత్తంటే భయం లేదు. అందుకని రిగ్గు మీద తొంభై అడుగుల ఎత్తున, పైకి వచ్చిన పైపుల్ని పట్టి వరసగా నిలబెట్టే పని అతనికి ఇచ్చారు.

బరువా సార్

మా రిగ్గు పెద్ద బరువా సార్, అస్సాం మనిషి. పంపు చప్పుడు విని దాంట్లో ఏ వాల్వు అరిగిందో చెప్పేవాడు. కొత్త డ్రిల్లర్లకు ఆయన చెప్పే మాట ఒక్కటే. "బావి మూయాలంటే నన్ను అడగొద్దు. తెరవాలంటే అడుగు." ఇంతకంటే మంచి మాట ఈ వృత్తిలో నేను వినలేదు.

కానీ నిజం నిజంగా చెప్పుకోవాలి. అదే బరువా సార్, అనవసరంగా బావి మూసినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేసేవాడు. పెళ్లాం పిల్లలు గుర్తొచ్చి భయపడ్డావా, చీర కట్టుకుని రా రేపటి నుంచి, అనేవాడు. మాట మంచిది, మనిషి నోరు చెడ్డది. ఆ నోటికి భయపడి మేమంతా ఆ మాటను మర్చిపోయేవాళ్లం. పై అధికారులయ్యేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. "భయపడకుండా చెప్పండి" అని గోడకు రాసి పెట్టి, చెప్పినవాణ్ణి నవ్వులపాలు చేస్తే ఆ గోడ రాత సున్నం ఖర్చు దండగ.

ఆ మధ్యాహ్నం

డ్రిల్లర్‌గా నాకు అది రెండో నెల. మా బ్యాచి డ్యూటీ దిగి ఇళ్లకు పోయే రోజు. సాయంత్రం బండెక్కితే తెల్లారి సికింద్రాబాద్. అడుగున బండను కొరికే బిట్టు అరిగింది, మార్చాలంటే పైపు మొత్తం పైకి లాగాలి. మెల్లగా లాగాలని నియమం. గబగబా లాగితే సిరంజిలా కింద నుంచి గ్యాసును పీలుస్తుంది. నేను గబగబా లాగాను. పై నుంచి సాయిలు కూడా, "జల్దీ గుంజు దాసన్నా, బండి అందుకోవాలె!" అని కేకేస్తున్నాడు. అతని తప్పేమీ లేదు, బ్రేకు నా చేతిలో ఉంది.

పైపులు సగం పైకి వచ్చాయి. పంపు ఆగి ఉంది. మడ్ తిరిగి వచ్చే కాలువ వైపు యథాలాపంగా చూశాను. పారుతోంది. పంపు ఆగి ఉంటే చుక్క కూడా పారకూడదు, పారుతోంది. వేలెడు మందాన, నింపాదిగా.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. నాకు సంతోషం కలిగింది. ఛాతీలో అదే పాత పొంగు. నా చేతులు బ్రేకు మీద నుంచి లేచాయి. జోడించానో లేదో గుర్తులేదు, లేచాయి మాత్రం. ముఖం మీద నవ్వుందని నా పక్కనున్న హెల్పర్ తర్వాత అన్నాడు. "సార్, మీరు నవ్వుతుంటే అంతా మంచిగుందనుకున్న," అన్నాడు.

ఆ మైకం దిగాక అప్పుడు వచ్చింది భయం. వచ్చింది సరే, బావి మూశానా? లేదు. బరువా సార్‌కు ఫోన్ చేశాను. ఆయన భోజనానికి కూర్చున్నాడు. ఎవరో ఫోనెత్తి ఉండండి అన్నారు. ఉన్నాను! ఇనుప మూత మీట చేతికందే దూరంలో ఉంది, నేను ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాను. ఆయన వచ్చి విషయం విని, "మూశావా?" అని అడిగేసరికి కాలువ నిండుగా పారుతోంది. మొత్తం రెండు నిమిషాలు. రెండున్నర కూడా కావచ్చు.

ఫోను పడేసేలోపు బావి తన్నింది. మడ్ రిగ్గు మధ్యలోంచి పైకి లేచి, తొంభై అడుగుల ఎత్తున సాయిలు నిలబడ్డ పలక దాకా కొట్టింది. హారన్ మోగించాను. పైపు నోటికి వాల్వు బిగించి, బీఓపీ మూసేశాం. నిప్పు పుట్టలేదు. అది దేవుని దయ, నా గొప్ప ఏమీ లేదు. పై నుంచి తప్పించుకోవడానికి నేల దాకా ఏటవాలుగా ఒక ఇనుప తీగ కట్టి ఉంటుంది. దాని మీద జారుతూ చేతి బ్రేకు పట్టుకోవాలి. హారన్ వినపడగానే సాయిలు దాన్నే పట్టుకుని దూకాడు. ఒళ్లంతా మడ్, చేతులు జారాయి, బ్రేకు అందలేదు. తొంభై అడుగుల జోరంతా నేలకు తగిలిన అతని ఎడమ తుంటి మీదే పడింది.

కాగితం మీద

రెండు రోజుల తర్వాత బరువా సార్ నన్ను కూర్చోబెట్టి, "కిత్నా టైమ్ లగా, దాస్?" అన్నాడు. పారడం చూశాక మూయడానికి ఎంత సేపు పట్టిందని.

"చూసిన వెంటనే మూసేశాను సార్," అన్నాను.

ఫోనులో మాట్లాడింది ఆయనే, ఆయనకు తెలియదా? మూసే ముందు తనకు ఫోన్ చేశానని రాస్తే, తన డ్రిల్లర్లు తనకెందుకు భయపడుతున్నారో కూడా రాయాలి. నేను చెప్పిందే రాసుకున్నాడు. కింద ఇంకో వాక్యం ఉంది. "పైన ఉన్న కార్మికుడు తీగ బ్రేకు సరిగా వాడలేదు." దాని కిందే నా సంతకం ఉంది.

సాయిలు మళ్లీ రిగ్గు ఎక్కలేదు. నేను ముప్పై ఏళ్లు ఎక్కాను. ఆ తర్వాత ఎన్నిసార్లు బావి మూశానో, ఎన్నిసార్లు తిట్లు తిన్నానో లెక్కలేదు. నన్ను జాగ్రత్త గల డ్రిల్లర్ అని పొగిడేవాళ్లు. ఆ జాగ్రత్త ఎవరి తుంటి మీద నేర్చుకున్నానో వాళ్లకేం తెలుసు!

సాయిలుకు చెప్పిన రోజు

కీర్తన కోసం రాయడం మొదలుపెట్టి, ఆ మధ్యాహ్నం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. మూడు రోజులు ఆగింది. "వెంటనే మూశాం" అని ఒకసారి రాశాను కూడా. మరియమ్మ నా భుజం మీదుగా చదివింది.

"గా పిల్లకిచ్చే కాయితంల గూడ అబద్ధమే రాస్తవా? రేపు గామె గదే నేర్సుకుంటది," అంది. "చర్చిల మోకాళ్ల మీద కూసుంటవు. సాయిలన్న ముంగట కూసునే ధైర్యం లేదా?"

నేను గోదాము గేటు దగ్గరికి పోయాను. సాయిలు కుర్చీ నాకిచ్చి తను స్టూలు మీద కూర్చోబోయాడు. వద్దని ఆపాను. నిలబడే చెప్పాను.

"సాయిలూ, బావి పొంగుడు నేను ముందుగాల్నే జూసిన. మూయలే. సంబురపడుకుంట నిలబడ్డ. గా ఎన్క సార్‌కు ఫోన్ జేసిన."

"ఎంత ముందుగాల?"

"రెండు నిమిషాలు."

లారీ ఒకటి గేటు దాటి పోయింది. సాయిలు దాని నంబరు పుస్తకంలో రాసుకున్నాడు, కలం మూత పెట్టాడు.

"రెండు నిమిషాలంటే, నేను మెట్ల మీదికెళ్లి దిగొచ్చి నీ పక్కకు నిలబడుదు గదనే," అన్నాడు.

"అవు."

"గిన్నేండ్లు నా చెయ్యి పట్టు తప్పిందనుకున్న. మా అవ్వ సచ్చేదాక నన్నే తిట్టింది, గా తీగ గట్టిగ పట్టుకోరాదారా పోరడా అని. అవునే అవ్వా, నాదే తప్పు అన్న. మా అవ్వకు గట్ల జెప్పిన దాసన్నా!"

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. సాయిలు లేచి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. నేను ఇంటికి వచ్చాను.

కీర్తన అడిగింది

మర్నాడు సాయిలు రాలేదు. కీర్తన వచ్చింది, నోటు పుస్తకంతో. లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. ముఖం చూస్తే రాత్రి ఏడ్చినట్టుంది.

"నాయిన పంపిండు పెద్దనాయినా. నాకు జెప్పినట్టే నీకు గూడ జెప్పుమను, ఒక్క ముక్క ఇడ్సిపెట్టొద్దు అన్నడు."

విడిచిపెట్టకుండా చెప్పాను. చేతులు లేచిన సంగతి కూడా. ఆమె అంతా రాసుకుంది. రాసుకుని, కలం ఆపి అడిగింది.

"నేను గూసునే క్యాబిన్‌ల ట్యాంకు మట్టం కంప్యూటర్ల కనిపిస్తది. గానాడు నా అసొంటి ఆడపిల్ల ఫోన్ జేసి, సార్, మట్టం పెరుగుతాంది, మూయుర్రి అంటే నువ్వు ఇంటుంటివా?"

అబద్ధం చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఎంత సిగ్గులేని నోరు!

"ఇనకపోదును బిడ్డా. నిన్నగాక మొన్న వచ్చినవు, నీకేం తెలుసని తిడుదు."

"మరి నేనేం జెయ్యాలె?"

"తిడుతుంటే గూడ ఫోన్ పెట్టెయ్యకు. ఆపేదాక చెప్పు. నువ్వు తప్పయితే నీకు సిగ్గయితది, గంతే. సిగ్గుతోని ఎవ్వల ఎముకలు ఇరగయి."

ఇదే నేను కొత్తవాళ్లందరికీ ఇవ్వగలిగిన సలహా. ఇది తప్ప మిగతావన్నీ పుస్తకాల్లో ఉన్నాయి.

సోమవారం ఆమె వెళ్లింది. బస్సు దగ్గరికి నేను పోలేదు, సాయిలు అక్కడ ఉంటాడని. దొంగలా మేడ మీద నుంచి రోడ్డు చూశాను. ఆ తర్వాత పదకొండు రోజులు సాయిలు మా గుమ్మం తొక్కలేదు, నేను గోదాము వైపు పోలేదు. టీవీలో గోదావరి జిల్లాల పేరు వినిపిస్తే చాలు, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. ఫోను మోగితే గుండె జారేది, మోగకపోతే ఇంకా జారేది. ఇంత వయసు వచ్చి, ఇంట్లో కూర్చుని, ఎక్కడో ఉన్న ట్యాంకు మట్టానికి నేను కాపలా కాస్తున్నాను.

పన్నెండో రోజు సాయంత్రం కీర్తన నుంచి ఫోన్ వచ్చింది.

"పెద్దనాయినా, ఇయ్యాల పని ఆపించిన."

"ఏమైంది? అందరు మంచిగున్నరా?"

"ఏం గాలే. ట్యాంకుల మడ్ కొత్తగ కలిపిన్రంట, నాకు జెప్పలే. మట్టం పెరిగింది. నేను ఫోన్ జేసిన, డ్రిల్లర్ ఇనలే. తిట్టిండు. మల్ల జేసిన. గప్పుడు ఆపి, మూసి జూసిండు. ఏం లేదు. అందరు ఒక్కటే నవ్వుడు. రేపటి సంది నన్ను క్యాంటీన్ల ఎట్ల యేడిపిస్తరో."

ఆమె గొంతులో ఏడుపుంది. నాకేమో ఒళ్లంతా తేలికైపోయింది. ఒక ఆడపిల్లను పదిమంది నవ్వులపాలు చేశారని విని ఇంత సంతోషించిన ముసలివాడు ఇంకొకడు ఉండడు.

"శభాష్ బిడ్డా! మంచిగ జేసినవు. రేపు గూడ గట్ల కనవడితే రేపు గూడ ఆపు," అన్నాను. "మీ నాయినకు చెప్పినవా?"

"ముందుగాల నాయినకే జేసిన. మీ పెద్దనాయినకు జల్దీ ఫోన్ జెయ్యి, గా మనిషి పదిరోజుల సంది బుక్కెడు బువ్వ గూడ తింటలేడంట, మరియమ్మొదినె జెప్పింది, అన్నడు."

ఫోను మరియమ్మ చేతిలో పెట్టి, చెప్పులు వేసుకున్నాను. సాయిలు డ్యూటీ దిగడానికి ఇంకా అరగంట ఉంది.